సంఘం డబ్బు బీరువాలో ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. పేరు, గుర్తులు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. బీఎస్సీ మ్యాథ్స్ చదివారు. భర్త సొంత కారు తిప్పుతారు. రేణిగుంట విమానాశ్రయం దగ్గరా, రైల్వే స్టేషన్ దగ్గరా యాత్రికులను ఎక్కించుకుని తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి తీసుకొస్తారు. రాత్రి ట్రిప్పులే ఎక్కువ. పాప మూడో తరగతి. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. "రాత్రి పదింటికి గిన్నెలు కడిగి, పాలు తోడేసి కూర్చుంటే ఇక నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఆ రెండు గంటలూ ఏం చేయాలో తెలిసేది కాదు" అని రాశారు.

ఎనిమిది నెలల కిందట ఫోన్లో ఒక వీడియో చూశారట. అమెరికాలో ఒక అకౌంటెంట్ 86 డాలర్లు కట్టి ఆన్‌లైన్ పోకర్ అనే పేకాట పోటీలో గెలిచి, అక్కణ్ణుంచి 2003లో లాస్‌వేగాస్ ప్రపంచ పోటీకి వెళ్ళి, 25 లక్షల డాలర్లు గెలిచిన కథ. మొదట పందెం బిళ్ళల్లాంటి ఉచిత చిప్స్‌తో నేర్చుకున్నారు. "పదేళ్ళ తర్వాత నా బుర్ర మళ్ళీ నడిచింది" అన్నది ఆమె మాటే. తర్వాత ఒక గ్రూపులో ఏజెంట్ నంబరు దొరికింది. ఫోన్ నుంచి అతనికి డబ్బు పంపితే "క్లబ్"లో, అంటే ఫోన్లో ఆడే ఒక ఆట గదిలో, చిప్స్ వేస్తాడు. గెలిస్తే తిరిగి డబ్బు పంపుతాడు. మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత తను దాచుకున్న 21,000 పోయింది. కమ్మలు కుదువపెట్టి తెచ్చిన 20,000 పోయింది. ఏజెంట్ "పర్లేదక్కా, తర్వాత ఇద్దురుగానీ" అని అప్పుగా వేసిన చిప్స్ 6,500 కూడా ఒక్క ఆటలో పోయాయి. ఇప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకుంటున్నారు. అత్తగారు రెండుసార్లు చూసి ఏమీ అనలేదట.

భర్తకు చెప్పలేకపోవడానికి కారణం ఉంది. మామగారు పేకాటలో పూతలపట్టు వైపున్న రెండెకరాలు పోగొట్టారు. ఆ ఇంట్లోకి పేక కట్ట రానివ్వరు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా, ముక్కలు పంచుతున్న చాప కనబడితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోతారట.

ఆమె పొదుపు సంఘంలో రెండో లీడరు. పదిమంది కట్టిన కంతు డబ్బు 18,000 సోమవారం బ్యాంకులో కట్టాలి. అంతవరకు అది ఆమె బీరువాలోనే ఉంది. "ఒక్క రాత్రికి వాడుకుని పొద్దున పెట్టేద్దామా అనిపించింది. పెట్టలేదండీ. కానీ చెయ్యి తాళం దాకా పోయింది. ఆ భయంతోనే రాస్తున్నాను." ఆ వాక్యం కింద రెండుసార్లు గీత గీశారు.

అడిగిన ప్రశ్నలు మూడు. ఈ ఆట నేర్చుకోవడం తప్పా? ఇంకాస్త బాగా నేర్చుకుంటే పోయింది రాదా? ఆయనకు చెప్పాలా? చివర్లో తాజా కలం అని ఒక ఆట గురించి కూడా అడిగారు, దానికి చివరలో వస్తాను.

అమ్మా,

ముందు బీరువా సంగతి. మిగతావన్నీ నాలుగు రోజులు ఆలోచించి తేల్చుకోవచ్చు, ఇది మాత్రం ఈ పూటే చేయండి. ఆ 18,000 తీసుకెళ్ళి మీ సంఘం మొదటి లీడరు చేతిలో పెట్టండి. "ఇంట్లో ఉంచుకోవాలంటే భయంగా ఉంది, సోమవారం మీరే కట్టేయండి" అంటే చాలు, ఎవరూ కారణం అడగరు. వచ్చే మూడు నాలుగు నెలలు వసూలు డబ్బు మీ దగ్గర పెట్టుకోకండి. మీరు తీస్తారని నేను అనడం లేదు. తాళం దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది, ఆ రాత్రి మీరు గట్టిగా నిలబడ్డారు. కానీ రాత్రి రాత్రికీ అలా నిలబడాల్సిన అవసరం మీకెందుకు? డబ్బు పక్కవీధిలో ఉంటే మీరు హాయిగా పడుకోవచ్చు.

ఇప్పుడు మీ ఉత్తరాన్నే మీకు చదివి వినిపిస్తాను. గెలిచిన రాత్రులు మూడింటి గురించి రాశారు. ఒకసారి 3,200, ఒకసారి 1,850, ఒకసారి 5,400. ఏ ముక్కలతో గెలిచారో కూడా రాశారు. పోయిన రాత్రుల గురించి మాత్రం "అప్పుడప్పుడూ కాస్త కాస్తగా పోయింది" అని ఒక్క వాక్యం. మొత్తం ఎంత పోయిందో ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. 21,000, 20,000, 6,500. మూడూ మూడు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. వెతికి కూడింది నేను. 47,500 అమ్మా. లెక్కల్లో డిగ్రీ చేసిన మనిషి మూడు అంకెలు కూడకుండా వదిలేశారంటే, కూడితే ఏం కనబడుతుందో మీకు ముందే తెలుసు. మిమ్మల్ని నొప్పించాలని ఇది చెప్పడం లేదు. ఏ దారి పట్టాలన్నా ఆ అంకె కాగితం మీద ఉండాలి. ఈ రాత్రి పదింటికి ఫోన్ బదులు పాప రఫ్ నోటు తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి, ఏజెంట్‌కు వెళ్ళిన ప్రతి రూపాయినీ, అతని నుంచి వచ్చిన ప్రతి రూపాయినీ తేదీలతో రాయండి. నా కూడిక తప్పయితే సంతోషం.

మొదటి ప్రశ్న. నేర్చుకోవడం తప్పు కాదు. మీకు ఈ ఆట ఎందుకు నచ్చిందో అర్థం చేసుకోవాలని ఈ వారం నేనూ పేక కట్ట ముందేసుకుని కూర్చున్నాను. ఈ ఆటలో ఒక్కొక్కరి చేతికీ రెండు ముక్కలు వస్తాయి, తర్వాత అందరికీ కలిపి నేల మీద అయిదు పరుస్తారు. రెండేసి ముక్కలు చొప్పున నూరుసార్లు పంచి, వచ్చినవి రాసుకున్నాను. జత వచ్చింది అయిదుసార్లు. ఆసుల జత ఒక్కసారీ రాలేదు, లెక్క ప్రకారం అది 221 పంపకాలకు ఒకసారి. ఎక్కువసార్లు వచ్చినవి కళావరు తొమ్మిది, డైమను మూడు లాంటి పనికిరాని చేతులే. తెలిసినవాళ్ళు నూటికి డెబ్బై ఎనభై చేతులు మొదట్లోనే పడేస్తారన్న మాట అప్పుడు అర్థమైంది. మన రమ్మీలో డ్రాప్ అంటామే, అదే. కొత్తవాళ్ళకు అది చేతకాదు. ముక్కలు వచ్చాయి కదా, చూద్దాం అనిపిస్తుంది. చూడ్డానికి కట్టే చిన్న చిన్న మొత్తాలే "కాస్త కాస్తగా" పోయే డబ్బు.

ఇది ఓపికా, లెక్కా, ఎదుటి మనిషి ఆలోచన పసిగట్టే నేర్పూ కావాల్సిన ఆట. వంటింట్లో పదేళ్ళు పనిలేకుండా పడున్న బుర్రకు అది దొరికితే సంతోషం కలగదా? ఆ సంతోషానికి సిగ్గుపడకండి. మీ మామగారి పేకాటకూ దానికీ సంబంధం లేదని కూడా అనను, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఇంకాస్త బాగా నేర్చుకుంటే పోయింది తిరిగి వస్తుందా? మీరు రాసిన ఉదాహరణే తీసుకుందాం. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, నేల మీద పరిచిన మూడింటిలో రెండు ఇస్పేట్లు. ఇంకొకటి పడితే ఫ్లష్, అంటే అయిదూ ఒకే రంగు. మిగిలిన ఇస్పేట్లు 9, మీకు కనబడని ముక్కలు 47. తర్వాతి ముక్కకే పడే అవకాశం 19 శాతం. పాట్‌లో అంటే అందరూ వేసిన పందెం కుప్పలో 300 ఉంది, ఎదుటివాడు 100 వేశాడు. మీరు 100 పెడితే మొత్తం 500. అయిదు వందలకు వంద పెడుతున్నారంటే 20 శాతం అవకాశం ఉంటేనే గిట్టుతుంది. 19 ఉంది, 20 కావాలి, కాబట్టి ఆ ముక్క కోసం చూడకుండా చేతిని పడేయాలి అని రాశారు. నూటికి నూరుపాళ్ళు సరైన లెక్క. క్లాసులో ఉంటే మీ పక్కన టిక్కు పెట్టేదాన్ని.

కానీ ప్రతి పాట్‌లోంచీ క్లబ్ 5 శాతం తీసుకుంటుందని అదే పేజీలో మీరే రాశారు. ఆ 500లోంచి 25 పోతే మిగిలేది 475. అప్పుడు కావాల్సింది 20 కాదు, 21. మీ నేర్పు ఒక శాతం రెండు శాతాల మధ్య పనిచేస్తోంది, క్లబ్ చెయ్యి కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఇంకోలా చూద్దాం. ఆరుగురు తలా వెయ్యి తెచ్చి కూర్చున్నారు, టేబుల్ మీద 6,000. సగటున ఒక్కో పాట్ 200 అనుకుంటే క్లబ్ తీసేది 10 రూపాయలు. ఆన్‌లైన్‌లో గంటకు అరవై డెబ్బై ఆటలు నడుస్తాయి, అంటే గంటన్నరలో నూరు. నూరు ఆటలకు 1,000. ఆరుగురూ సమానంగా ఆడినా అందరూ ఓడిపోయి లేస్తారు. తలా 167 రూపాయలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అవి ఏ ఒక్కరి చేతిలోనూ కనబడవు. అక్కడ గెలవాలంటే మిగతావాళ్ళకంటే కాస్త బాగా ఆడితే చాలదు, చాలా బాగా ఆడాలి. ఎనిమిది నెలల నేర్పుతో, ఒంటిగంట రాత్రి, పోయింది లాగాలన్న టెన్షన్‌తో ఎవరూ అంత బాగా ఆడలేరు.

వీడియోలో మీరు చూసిన అకౌంటెంట్ కథ నిజమే. ఆ పోటీలో కూర్చున్నది 839 మంది. మిగతా 838 మంది మీద వీడియో ఎవరు తీస్తారు?

క్లబ్ విషయంలో నాకు ఇంకా భయం వేసింది. ముక్కలు ఎవరు కలుపుతున్నారో మీకు తెలియదు. టేబుల్ మీదున్న ఆరుగురిలో ఇద్దరు ఒకే గదిలో కూర్చుని ఒకరి ముక్కలు ఒకరు చూసుకుంటున్నా మీరు కనిపెట్టలేరు. అలా జరుగుతోందని నేను అనడం లేదు, జరిగితే అడిగే దిక్కు లేదంటున్నాను. ఏజెంట్ ఒకరోజు నంబరు మార్చేస్తే చిప్స్ మిగిలినా డబ్బు రాదు. ఇక "పర్లేదక్కా" అన్న ఆ మాట. ఆటలో ఓడిపోయిన మనిషికి, ఓడిన క్షణంలోనే అప్పు ఇవ్వడం దయ కాదమ్మా. మీ మామగారి రోజుల్లో చాప పక్కన కూర్చుని అప్పు పుట్టించేవాళ్ళు ఎవరో ఉండే ఉంటారు. మీ అత్తగారిని అడిగితే ఆ మనిషి పేరు కూడా చెబుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. ఏజెంట్లు ఇప్పటికీ ఆ తీర్పునే వల్లిస్తారు. ఆ తర్వాత చాలా మారింది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అందులో ఆడేవాళ్ళకూ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. నేర్పు ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నీ అందులోకి వస్తాయి. ఆడించేవాళ్ళకు 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్ళను ఆ చట్టం నేరస్తులుగా చూడదు. డబ్బు లేకుండా ఆడుకోవడం మీద నిషేధం లేదు. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాక కూడా మీ ఏజెంట్ దగ్గర ఆట నడుస్తోందంటే, అది చాటుగా నడుస్తున్నదే.

మీకు రోజువారీగా తగిలే దెబ్బ మాత్రం బ్యాంకు ఖాతా. ఇలాంటి ఏజెంట్లు ఎవరెవరి ఖాతాల నుంచో డబ్బు పంపుతారు. వాటిలో ఒక్కటి ఏదైనా సైబర్ మోసం కేసులో చిక్కినా, దాన్నుంచి డబ్బు అందుకున్న ఖాతాలు కూడా స్తంభించిపోవచ్చు. పాప పేరున వచ్చే తల్లికి వందనం డబ్బు పడేది మీ ఖాతాలోనే కదా? అది ఆగిపోయిన రోజు ఇంట్లో మీరే జవాబు చెప్పాలి, అదీ మీరు ఎంచుకోని రోజున.

ఇక మీ ముందున్న దారులు. పోయింది రాబట్టుకునేదాకా ఆడతాను అనుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను. మీరు పెద్దవారు, మీ ఫోన్ మీ చేతిలో ఉంది, నేను లాక్కోలేను. ఒక్కటి మాత్రం గమనించండి. మొదట దాచుకున్న డబ్బు, తర్వాత ఒంటి మీది బంగారం, ఆ తర్వాత అప్పు, ఆ తర్వాత పదిమంది డబ్బు మీదికి చూపు. ఎనిమిది నెలల్లో నాలుగు మెట్లు దిగారు. అయిదోది ఏమిటో నేను ఊహించి రాయను.

డబ్బు మానేసి ఆటను ఉంచుకోవడం రెండో దారి. చాలామందికి ఇది తేలిగ్గా కనబడుతుంది, అంత తేలిక కాదు. ఉచిత చిప్స్ దగ్గర ఎవరికీ పోయేదేమీ లేదు కాబట్టి చేతికొచ్చిన ప్రతి ముక్కతోనూ అందరూ ఆడేస్తారు. అక్కడ బ్లఫ్ చేసినా, అంటే చెత్త ముక్కలతో మంచి చెయ్యి ఉన్నట్టు బెదిరించినా, ఎవరూ భయపడరు. మీకు విసుగొస్తుంది. విసుగొచ్చిన రాత్రి ఏజెంట్ నంబరు గుర్తొస్తుంది. ఆటే కావాలంటే ఫోన్ లేకుండా ఆడుకోవడం మేలు. నేల మీద ముక్కలు పరిచి, ఆరు చేతులకూ మీరే పంచి, ఏ చేతితో ఎంత అవకాశమో లెక్కగట్టి, తర్వాత మిగతా ముక్కలు తిప్పి సరిచూసుకోవచ్చు. ఎవరైనా తోడుంటే చిప్స్‌కు చింతపిక్కలు చాలు. అయితే ఇందులో ఒక చిక్కుంది. మీ ఇంట్లో పేక కట్ట కనబడటమే ఒక గాయం. మీ ఆయనతో మాట కలవకముందు ఈ దారి కూడా దొంగచాటుదే అవుతుంది.

కొన్నాళ్ళు పూర్తిగా మానేయడం మూడోది. ఆరు నెలలనుకోండి. ఏజెంట్ నంబరు బ్లాక్ చేసి, యాప్ తీసేసి, గ్రూపులోంచి బయటికి రావడం. మొదటి రెండు మూడు వారాలు పది నుంచి పన్నెండు దాకా గంటలు చాలా బరువుగా నడుస్తాయి. చేతులు ఊరికే ఫోన్ వైపు పోతాయి. ట్యూషన్లు చెప్పుకోండి అని అందరిలా ఒక మాట అనేసి ఊరుకోవడం నాకిష్టం లేదు. రాత్రి పదింటికి ట్యూషన్‌కు ఎవరొస్తారు? కానీ మీ ఉత్తరంలో ఆ ఫ్లష్ లెక్క చదువుతుంటే, ఇంటర్ పిల్లలకు సంభావ్యత పాఠం ఇంత సుళువుగా చెప్పేవాళ్ళు కొర్లగుంటలో ఎంతమంది ఉంటారా అనిపించింది. సాయంత్రం ఇద్దరు పిల్లలకు చెప్పాలంటే రాత్రి కూర్చుని లెక్కలు తయారు చేసుకోవాలి. ఆ రాత్రి పని మీకు నచ్చుతుందేమో చూడండి. నచ్చకపోతే వదిలేయండి.

మానాలని గట్టిగా అనుకున్నా మూడోసారీ నాలుగోసారీ మళ్ళీ ఆడేశారనుకోండి, అది మీ బలహీనత అని కుమిలిపోతూ కూర్చోవద్దు. జూదం పట్టు గురించి తెలిసిన డాక్టర్లు ఉన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పోయిన డబ్బు వెంట పడటం, ఇంట్లో దాచడం, వస్తువులు కుదువపెట్టడం అని వాళ్ళు అడిగే గుర్తుల్లో మూడు మీ ఉత్తరంలో ఉన్నాయి.

ఏజెంట్ 6,500 కోసం రోజూ మెసేజ్ పెడుతున్నాడని రాశారు. పందెం వల్ల ఏర్పడిన బాకీని కోర్టు వసూలు చేసిపెట్టదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఆ మాట ఉంది. కాబట్టి "కేసు పెడతా" అంటే భయపడకండి. ఇచ్చేసి వదిలించుకోవాలనుకుంటే ఒక్కసారి ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు ఉంచుకుని, ఆ నిమిషమే బ్లాక్ చేయండి. ఇవ్వను అనుకుంటే కొన్నాళ్ళు వేధింపు ఉండొచ్చు. మెసేజ్‌లు తీసేయకండి, స్క్రీన్‌షాట్లు ఉంచండి, బెదిరింపు దాకా వస్తే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. "మీ ఆయనకు చెబుతా" అనడమే అతని దగ్గరున్న పెద్ద ఆయుధం. మీరే చెప్పేస్తే అది పనికిరాకుండా పోతుంది. కమ్మల విషయంలో తొందరపడి ఇంకోచోట అప్పు తెచ్చి విడిపించకండి. గడువు దాటకుండా చూసుకుని నెలనెలా వడ్డీ కడుతూ ఉంటే అవి ఎక్కడికీ పోవు.

మూడో ప్రశ్న అదే కదా, ఆయనకు చెప్పాలా. అంతా తీర్చేశాక చెబుతాను అనుకుంటే, 47,500 తీరడానికి మీకు ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్ళూ చెవులు దాచుకుంటూ తిరగాలి. ఈలోపు ఏజెంట్ నోటి నుంచో, బ్యాంకు నుంచో తెలిస్తే, ఆయనకు డబ్బు పోవడం కంటే దాచడం ఎక్కువ గుచ్చుకుంటుంది. మీ వదిన చేత చెప్పిస్తే మాట మెత్తగా వెళ్ళొచ్చు, ఆవిడ మీకు దగ్గర అని రాశారు. కానీ తన భార్య సంగతి అక్క నోట వినాల్సి రావడం ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. మీరే నేరుగా చెబితే ఆ పూట ఇంట్లో గొడవ జరగవచ్చు. తండ్రి పేరు వస్తుంది, "నువ్వు కూడానా" అన్న మాట వస్తుంది. దానికి సిద్ధపడి చెప్పాలి. ఎప్పుడు చెప్పినా ఒక్కటి చూసుకోండి. రాత్రి ట్రిప్పుకు బయల్దేరేముందు వద్దు. ఘాట్ రోడ్డులో ఆ మలుపుల మీద బండి నడిపే మనిషి, వెనక యాత్రికులుంటారు. బుకింగ్ లేని రోజున, నిద్రపోయి లేచాక, భోజనం అయ్యాక, ఆ రఫ్ నోటు కాగితం ముందు పెట్టి చెప్పండి. అంకెలన్నీ ఒకేసారి చెప్పండి. ఈ రోజు ఇరవై, వచ్చే నెల ఇంకో ఇరవై అని విడతలుగా బయటపడితే ఆయన ఏదీ నమ్మలేరు.

అయితే మీ ఉత్తరంలో నాకు కనబడిన మరో దారి ఉంది, మీరు దాన్ని దారిగా చూసినట్టు లేదు. నాలుగో పేజీలో ఒక్క వాక్యం. "మా అత్త నా చెవుల వైపు రెండుసార్లు చూసింది, ఏమీ అనలేదు." అమ్మా, పేకాడే మనిషితో ఒక జీవితం కాపురం చేసిన ఆవిడ ఆమె. ఇంట్లో వస్తువు మాయమైతే మొదట ఆమెకే తెలిసేది. గిల్టుకీ బంగారానికీ తేడా ఆమెకు తెలియదా? రాత్రి ఒంటిగంటకు కోడలి గదిలో ఫోన్ వెలుతురు చూడలేదా? చూసి ఊరుకుందంటే నాకు రెండు అర్థాలు తోస్తున్నాయి. మళ్ళీ అదే చూడాల్సి వచ్చిందన్న భయంతో నోరు పెగలకపోయి ఉండొచ్చు. లేదా మీరే వచ్చి చెబుతారని ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఆమె తిట్టొచ్చు, ఏడవొచ్చు, వెంటనే కొడుకుకు చెప్పేయొచ్చు కూడా. ఆ నష్టం ఉంది. కానీ ఈ ఇంట్లో పేకాట అంటే ఏమిటో మీ తర్వాత తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మీ ఆయన చిన్నపిల్లాడిగా ఆ రెండెకరాలు పోవడం చూశారు, ఆమె భార్యగా చూసింది. మధ్యాహ్నం పాప బడికి వెళ్ళాక, ఇద్దరూ కూర్చుని ఆకుకూర తుంచుకుంటున్నప్పుడు, "అత్తమ్మా, నా కమ్మలు కుదువలో ఉన్నాయి" అని మొదలుపెట్టి చూడండి. తర్వాత మాట ఎటు పోతుందో నేను చెప్పలేను. తర్వాత మీ ఆయనతో మాట్లాడే రోజున ఆమె మీ పక్కన కూర్చుంటే, ఆ గది వేరుగా ఉంటుంది.

ఇక మీ తాజా కలం. ఏజెంట్ అప్పుగా వేసిన 6,500 చిప్స్‌తో ఆడిన ఆట. మీ చేతిలో రాణుల జత. నేల మీద ముక్కలు పడకముందే ఎదుటివాడు మొత్తం పెట్టేశాడు, మీరూ పెట్టేశారు. అతని దగ్గర ఆసు, రాజు, వేర్వేరు రంగులు. చివరి ముక్కకు ఆఠీను ఆసు పడింది. "నేను తప్పు ఆడానా? ఎవరినీ అడగలేకపోయాను" అని రాశారు.

తప్పు ఆడలేదు. ఆ రెండు చేతులూ ఎదురైతే రాణులు నూటికి 57 సార్లు గెలుస్తాయి. మీకు వచ్చింది మిగతా 43లో ఒకటి. అప్పు తెచ్చిన చిప్స్‌తో అయినా, సొంత డబ్బుతో అయినా, ఉత్త చింతపిక్కలతో అయినా ఆ 43 అలాగే ఉంటుంది. నమ్మకం కలగకపోతే మీరే వేసి చూడండి. బయట మిగిలినవి 48 ముక్కలు, అతనికి పనికొచ్చే ఆసులూ రాజులూ కలిపి ఆరు, నేల మీద పడేవి అయిదు. ఆ అయిదింటిలో ఆరింటిలో ఒక్కటైనా పడే అవకాశం ఎంత? సగం కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది. మరి అతను సగం సార్లు గెలవకుండా 43 సార్లే ఎందుకు గెలుస్తాడో, మీ చేతిలోని రాణులు ఎక్కడ అడ్డుపడతాయో, ఆ పని మీకు వదిలేస్తున్నాను. రఫ్ నోటులో మొదటి పేజీ బ్యాంకు లెక్కకు ఉంచి, రెండో పేజీలో వేయండి.